ఎల్డర్ తుపాకీ, రష్ గడ్డి శిలువ: ఐర్లండ్ పల్లె పిల్లల ఆటల వెనుక లెక్క

ఐర్లండ్ పల్లెల్లో ఒకప్పటి పిల్లలు తమ ఆటవస్తువులను తామే చేసుకునేవారు. ఈ సంగతి చెప్పగానే రెండు వివరణలు సిద్ధంగా ఎదురొస్తాయి. ఒకటి: చేతిలో డబ్బు లేదు కాబట్టి చేసుకున్నారు. రెండు: అవన్నీ క్రైస్తవం రాకముందు ఐర్లండ్‌లో ఉన్న ప్రాచీన జనం కెల్టుల ఆచారాలకు మిగిలిన గుర్తులు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. అయితే ఏ బొమ్మ ఏ నెలలో, ఏ కొమ్మతో, ఎవరి చేతుల్లో తయారైందో ఒక్కొక్కటిగా చూస్తూ పోతే, ఆ రెండు వివరణలూ చాలవని తేలుతుంది. పేదరికం అనే మాట పిల్లల పనితనాన్ని కప్పేస్తుంది. ప్రాచీనత అనే మాట వాళ్ల కాలాన్ని మాయం చేస్తుంది.

దీన్ని పరిశీలించడానికి పిల్లలే రాసిన ఆధారం ఉండటం మన అదృష్టం. ఐరిష్ జానపద సంఘం 1935లో ఏర్పడింది. రెండేళ్ల తర్వాత అది విద్యాశాఖతో, ఉపాధ్యాయ సంఘంతో కలిసి ఒక పథకం మొదలుపెట్టింది. ప్రాథమిక బడుల్లో పై తరగతుల పిల్లలు, అంటే పదకొండు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లు, వారం వారం రాయాల్సిన వ్యాసానికి బదులుగా ఇంట్లో, ఊళ్లో పెద్దలను అడిగి తెలుసుకున్నవి రాయాలి. ఏమేమి అడగాలో చెప్పే చిన్న పుస్తకం ఒకటి టీచర్లకు అందింది. అందులోని యాభైకి పైగా అంశాల్లో ఇంట్లో చేసుకునే ఆటవస్తువులు ఒకటి, ఆడుకునే ఆటలు ఇంకొకటి, పండుగ రోజులు మరొకటి. 1939 నాటికి సుమారు 5,000 బడుల నుంచి 50,000 మందికి పైగా పిల్లలు రాసినవి చేరాయి. మొత్తం దాదాపు 7,40,000 పేజీలు. ఇప్పుడవి డబ్లిన్ విశ్వవిద్యాలయ కళాశాలలో ఉన్నాయి. ఎవరైనా చదువుకునేలా ఇంటర్నెట్‌లోనూ పెట్టారు. ఆ సంఘం సేకరించిన సామగ్రిని 2017లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

ఆ కాగితాలను చదివేటప్పుడు కొన్ని జాగ్రత్తలు అవసరం. అవి పిల్లలు సొంతంగా రాసుకున్న డైరీలు కావు, బడిలో ఇచ్చిన పని. చక్కగా రాసినవాటిని ఎంచి పెద్ద పుస్తకంలోకి ఎక్కించారు. కాబట్టి మనకు కనిపించేదానిలో టీచర్ ఎంపిక కూడా ఉంది. ఉత్తర ఐర్లండ్ వేరే పాలనలో ఉండటంతో అక్కడి ఆరు కౌంటీలు, అంటే జిల్లాలు, ఇందులో లేవు. అన్నిటికంటే ముఖ్యమైనది, పిల్లలు రాసింది చాలావరకు తాతలు, అమ్మమ్మలు చెప్పిన మాట. ఒకే పేజీలో 1930ల నాటి బొంగరం పక్కనే 1870ల నాటి జ్ఞాపకం కూర్చుంటుంది. రెండింటినీ విడదీసుకోకపోతే, ఆ దేశంలో కాలం కదలనే లేదనిపిస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆటవస్తువులు ఒక శీర్షిక కింద, పండుగలు ఇంకో శీర్షిక కింద పోవడంతో, పిల్లల జీవితంలో కలిసి ఉన్నవి కాగితం మీద వేరయ్యాయి. నా ఉద్దేశంలో ఆ గోడను తీసేసి చదివితేనే అసలు విషయం బయటపడుతుంది.

ముందుగా ఎల్డర్ తుపాకీని చూద్దాం. ఇది దాదాపు ప్రతి కౌంటీ పిల్లల రాతల్లోనూ కనిపిస్తుంది. ఎల్డర్ పొలం గట్ల మీద, పాడుబడిన ఇళ్ల దగ్గర దానంతట అదే మొలిచే చిన్న చెట్టు. దాని కొమ్మ మధ్యలో మెత్తటి తెల్లటి దవ్వ ఉంటుంది. జానెడు ముక్క కోసి, కాల్చిన ఇనుప తీగతోనో గట్టి పుల్లతోనో ఆ దవ్వను తోసేస్తే నున్నటి గొట్టం మిగులుతుంది. అందులో సరిగ్గా పట్టేలా మరో గట్టి కర్రను చెక్కి కడ్డీ చేస్తారు. కాగితాన్నో నారనో నమిలి, తడి ఉండ చేసి, కడ్డీతో గొట్టం చివరిదాకా నెట్టి అక్కడ వదిలేస్తారు. తర్వాత రెండో ఉండను వెనుక నుంచి దూర్చి, కడ్డీని ఒక్కసారిగా తోస్తారు. రెండు ఉండల మధ్య చిక్కుకున్న గాలి నలిగి నలిగి, చివరకు ముందున్న ఉండను ఠప్పున ఎగరగొడుతుంది. వెనుకటి ఉండ ఇప్పుడు ముందుకు వచ్చింది, తర్వాతి దెబ్బకు అదే గుండు. కడ్డీ వదులైతే గాలి జారిపోతుంది, బిగువైతే కదలదు. ఉండ ఎండిపోతే పనికిరాదు. వాయుపీడనం గురించిన పాఠం బడిలో వినకముందే ఆ పిల్లవాడి అరచేతికి తెలుసు.

ఇదే ఎల్డర్ గురించి ఐరిష్ పల్లెల్లో చాలా నిషేధాలు ఉండేవి. దాన్ని పొయ్యిలో పెట్టకూడదు. దాని కర్రతో పిల్లవాణ్ణి కొట్టకూడదు, కొడితే ఎదుగుదల ఆగిపోతుంది. మరి అలాంటి చెట్టు పిల్లల చేతిలో ఆటవస్తువు ఎలా అయింది? నాకు తోచిన సమాధానం ఇది. యాష్ అనే గట్టి చెట్టు కర్ర పెద్దలకు కావాలి. పార పిడికైనా, హర్లింగ్ ఆటలో బంతిని కొట్టే హర్లీ కర్రకైనా అదే వాడతారు. విల్లో చెట్టు సన్నటి రెమ్మలు బుట్టలల్లడానికి కావాలి. ఎల్డర్‌ను మాత్రం పెద్దలు ముట్టుకోరు. పెద్దలు వద్దనుకున్న చెట్టు పిల్లలకు దక్కింది. దాన్ని కోస్తే అడిగేవారు లేరు.

చెట్టు ఒక్కటే చాలదు, నెల కూడా కుదరాలి. ఈల సంగతి చూడండి. సికమోర్, యాష్, విల్లో రెమ్మల్లో వసంతకాలంలో రసం ఎక్కుతుంది. అప్పుడు బెరడుకూ లోపలి కర్రకూ మధ్య ఉన్న పొర జిగురు జిగురుగా, మెత్తగా మారుతుంది. చిటికెన వేలంత రెమ్మ కోసి, బెరడు చుట్టూ ఒక గాటు పెట్టి, నోట్లో తడిపి, చాకు పిడితో మెల్లగా అంతటా తట్టాలి. తట్టి తట్టి మెలితిప్పితే బెరడు చిట్లకుండా గొట్టంలా ఊడి వస్తుంది. లోపలి కర్ర మీద గాలి పోయే గాడి చెక్కి, బెరడును మళ్లీ తొడిగితే ఈల సిద్ధం. ఇదంతా ఏప్రిల్, మే నెలల్లోనే సాధ్యం. జూలైలో అదే రెమ్మను ఎంత తట్టినా బెరడు ఊడదు. చేసిన ఈల కూడా కొద్ది రోజుల్లో ఎండి మూగబోతుంది. డబ్బున్న ఇంటి పిల్లవాడైనా డిసెంబరులో ఆ ఈల చేయలేడు. పేదరికం ఒక్కటే కారణమైతే ఈ క్యాలెండర్‌ను ఎలా అర్థం చేసుకోవాలి?

మిగతావాటిని త్వరగా చెప్పుకుందాం. ఐదు రాళ్లను ఎగరేసి చేతి వెనుక పట్టే ఆట ఉండేది, అది మన అచ్చనగాయలే. పాత మేజోళ్ల ఊలు విప్పి చుట్టిన బంతులు, గుడ్డ బొమ్మలు, రష్ గడ్డితో అల్లిన గిలకలు, టోపీలు, కొరడాలు ఉండేవి. ఆడపిల్లలు గట్టు వారన రాళ్లతో గదులు గీసి, పగిలిన పింగాణీ పెంకులను పళ్లేలుగా అమర్చి ఇల్లు నడిపేవారు. పూలూ తీగలూ ఉన్న పెంకుకు ఆ ఆటలో విలువ ఎక్కువ.

ఈ పింగాణీ పెంకు దగ్గర ఒక్క క్షణం ఆగాలి, ఎందుకంటే అది ఫ్యాక్టరీ సరుకు. దారపు రీలును రెండుగా కోసి మధ్యలో పుల్ల గుచ్చి చేసిన బొంగరం కూడా అంతే. దొర్లించుకుంటూ పరుగెత్తే చక్రం పాత సైకిలుది. పంగల కర్రకు కట్టిన రబ్బరు సైకిలు ట్యూబుది. ఆ ట్యూబుకు ముచ్చటైన చరిత్ర ఉంది. బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడిగా ఉన్న జాన్ బోయ్డ్ డన్లప్ 1887లో తన కొడుకు మూడు చక్రాల బండి కుదుపులు తగ్గించడానికి గాలి నింపిన టైరు తయారు చేశాడు. మరుసటి ఏడాది పేటెంటు తీసుకున్నాడు. ఒక పిల్లవాడి బండి కోసం పుట్టిన వస్తువు, అరిగి పారేశాక, అదే ద్వీపంలో మరో పిల్లవాడి పంగల కర్రకు చేరింది. రబ్బరు పంగల కర్ర 19వ శతాబ్దం నడుమకు ముందు ఉండే అవకాశమే లేదు. తాడుకు కట్టి ఒకదాన్నొకటి పగలగొట్టే హార్స్ చెస్ట్‌నట్ గింజల ఆట కూడా అనుకున్నంత పాతది కాదు. ఆ చెట్టు బాల్కన్ కొండల నుంచి తెచ్చి నాటినది. మనం సంప్రదాయం అని పిలిచే ఆ బుట్టలో సగం వస్తువులు రైళ్లు, కుట్టుమిషన్లు, సైకిళ్లు వచ్చిన తర్వాతివి. వాటిని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. కొత్తగా వచ్చిన చెత్తను వెంటనే ఆటగా మార్చుకోగలగడమే అక్కడ అసలైన సంప్రదాయం.

ఇప్పుడు ఆటకూ ఆచారానికీ మధ్య గీత ఎక్కడుందో చూద్దాం. దానికి రష్ గడ్డి మంచి ఉదాహరణ. రష్ అంటే మన తుంగను పోలిన గడ్డి, చిత్తడి నేలల్లో విరివిగా పెరుగుతుంది. పల్లెలకు కరెంటు తెచ్చే పథకం 1946లో గానీ మొదలు కాలేదు. అంతకుముందు పేద ఇళ్లలో రష్ కాడ పచ్చటి తొక్క వలిచి, లోపలి దవ్వను కొవ్వులో ముంచి దీపంలా వెలిగించేవారు. నిలబడటానికి ఒక సన్నటి తొక్క పట్టీని మాత్రం వదిలేవారు. ఆ వలిచే పనిలో చిన్న చేతులు చురుకు. అదే చేతులు అదే గడ్డితో వేసవిలో గిలక అల్లాయి. జనవరి 31 సాయంత్రం, అంటే ఐర్లండ్ పునీతురాలు సెయింట్ బ్రిజిడ్ పండుగ ముందటి రాత్రి, శిలువ అల్లాయి.

ఆ శిలువకు నియమాలున్నాయి. గడ్డిని కోయకూడదు, చేత్తో పీకాలి. ఉత్తరాది కౌంటీల్లో ఇంటి ఆడపిల్ల ఆ కట్టను పట్టుకుని తలుపు బయట నిలబడి, బ్రిజిడ్ వచ్చింది, లోపలికి రానివ్వండి అని అడుగుతుంది. లోపలివారు స్వాగతం పలుకుతారు. భోజనాల తర్వాత అందరూ కూర్చుని అల్లుతారు. మధ్యలో చదరం, నాలుగు వైపులా నాలుగు చేతులు ఉండే రూపం అందరికీ తెలిసినది. 1960ల్లో ఐరిష్ టెలివిజన్ దాన్నే తన గుర్తుగా పెట్టుకోవడంతో దాని పేరు దేశమంతా వ్యాపించింది. నిజానికి ప్రాంతానికో రూపం ఉండేది. మూడు చేతులవి, గడ్డితో చేసిన వజ్రాకారపువి, పశువుల కొట్టంలో పెట్టడానికి వేరేవి. తలుపు పైన కట్టిన శిలువ ఇంటిని అగ్ని నుంచి, రోగం నుంచి కాపాడుతుందని నమ్మకం.

అదే రాత్రి కొన్ని ప్రాంతాల్లో పిల్లలు బ్రిజిడ్ బొమ్మను మోసుకుని ఇంటింటికీ తిరిగేవారు. వెన్న చిలికే కవ్వానికి గౌను తొడిగి చేసిన బొమ్మ అది. కొన్ని చోట్ల గడ్డితో చేసేవారు, ఇంకొన్ని చోట్ల ఇంట్లో చిన్నపిల్ల ఆడుకునే బొమ్మనే అలంకరించేవారు. నిన్నటిదాకా ఒడిలో ఉన్న గుడ్డబొమ్మ ఆ ఒక్క రాత్రి పునీతురాలు. తెల్లారితే మళ్లీ బొమ్మే. ఇక్కడ ఆటవస్తువు అనే శీర్షిక, పండుగ అనే శీర్షిక రెండూ ఓడిపోతాయి. వస్తువు మారలేదు, తేదీ మారింది.

మార్చి 17న సెయింట్ పాట్రిక్ రోజు కోసం పిల్లలు కాగితం మీద శిలువ గీసి రంగులు వేసుకునేవారు. ఆకుపచ్చకు ఆకు పసరు, పసుపుపచ్చకు గుడ్డు సొన, నీలానికి బట్టల నీలిమందు వాడేవారు. ఇది మొదట పిల్లల ఆచారం కాదు. 1681లో ఐర్లండ్ తిరిగిన థామస్ డైన్లీ అన్ని వర్గాల వారూ ఆ రోజు టోపీలకు శిలువలు పెట్టుకుంటారని రాశాడు. 1713లో లండన్‌లో రచయిత జొనాథన్ స్విఫ్ట్ కూడా ఐరిష్ వారి శిలువలను గమనించాడు. కాలక్రమేణా పెద్దలు మూడు రెక్కల షామ్‌రాక్ ఆకుతో సరిపెట్టుకుంటే, శిలువ పిల్లల చేతుల్లో మిగిలింది. పెద్దల ఆచారాలు ముసలితనంలో పిల్లల దగ్గరికి చేరడం ఐర్లండ్‌లో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

దీనికి అన్నిటికంటే చిక్కైన ఉదాహరణ రెన్ పిట్ట. డిసెంబరు 26న, సెయింట్ స్టీఫెన్ రోజున, కుర్రాళ్లు పొదలు గాలించి ఆ బుల్లి పిట్టను చంపి, ముళ్ల ఆకుల హాలీ చెట్టు కొమ్మకు కట్టి, ముఖాలకు మసి పూసుకుని, గడ్డి దుస్తులు వేసుకుని, పాడుకుంటూ ఇంటింటికీ వెళ్లి డబ్బులు అడిగేవారు. ఆ పిట్టనే ఎందుకు? పెద్దలను అడిగితే మూడు నాలుగు కథలు వచ్చేవి. క్రైస్తవ హతసాక్షి స్టీఫెన్ దాక్కుని ఉంటే దాని కూతే పట్టించిందని ఒకటి. ఐరిష్ సైనికులు చీకట్లో శత్రువు మీదికి పాకుతుంటే అది డప్పు మీద వాలి టకటక పొడిచి శత్రువును నిద్రలేపిందని ఇంకొకటి. శత్రువు ఎవరంటే ఒక ఊళ్లో వైకింగులు, మరో ఊళ్లో ఇంగ్లండ్ నుంచి దండెత్తి వచ్చిన క్రామ్‌వెల్ సేన. ఈ డప్పు కథ 17వ శతాబ్దంలోనే ఇంగ్లిష్ రచయిత జాన్ ఆబ్రీ రాతల్లో ఉంది. గద్ద వీపు మీద దాక్కుని అందరికంటే పైకెగిరి పక్షులకు రాజైందని మరో కథ.

ఒకే ఆచారానికి ఇన్ని పొసగని కారణాలు ఉన్నాయంటే, ఆచారం ముందు పుట్టి కథలు తర్వాత చేరాయని అర్థం. రెన్ వేట ఐల్ ఆఫ్ మ్యాన్‌లో, వేల్స్‌లో, దక్షిణ ఫ్రాన్స్‌లో కూడా ఉండేది. అది డ్రూయిడ్ పూజారుల నాటిదని చాలామంది రాస్తారు. ఆ మాటకు గట్టి ఆధారం లేదు, నేను నమ్మను. చేతికి అందే సంగతి వేరే ఉంది. ఏడాదంతా పెద్దల ముందు నోరెత్తని కుర్రాళ్లకు ఆ ఒక్క రోజు ముఖం దాచుకుని ఎవరి గడపైనా ఎక్కే హక్కు, గట్టిగా పాడే హక్కు, డబ్బు అడిగే హక్కు దొరికేవి. మంచి రుతువులో బంగారు రంగు పూలు తెచ్చి గడపల మీద చల్లే మే రోజులోనూ, ఈస్టర్‌కు గుడ్లు పోగుచేసుకుని ఆరుబయట వండుకోవడంలోనూ ఇలాంటి అనుమతే ఉంది. డింగిల్ పట్టణంలో రెన్ ఊరేగింపు నేటికీ ఘనంగా జరుగుతుంది, పిట్టను మాత్రం చంపరు. ఆ క్రూరత్వం పోయినందుకు నాకు సంతోషమే.

అక్టోబరు 31 రాత్రి జరిగే హాలోవీన్ పండుగ దీపం సంగతి కూడా ఇలాగే విప్పుకోవాలి. మేయో కౌంటీలో కాసిల్‌బార్ దగ్గర ఉన్న గ్రామీణ జీవన మ్యూజియంలో, డొనెగల్ కౌంటీ ఫింటౌన్ నుంచి వచ్చిన టర్నిప్ దుంపను తొలిచి చేసిన ఒక ముఖం అచ్చు ఉంది. అసలు దుంప శిథిలమైపోతుండటంతో ప్లాస్టర్‌లో అచ్చు తీశారు. ముడుచుకుపోయిన నుదురు, గుంటకళ్లు, బెదిరించే పళ్లు. అమెరికా గుమ్మడికాయ దీపానికి ఇది పూర్వీకురాలు. వలస వెళ్లినవారు అక్కడ దొరికిన మెత్తటి కాయను ఎంచుకున్నారు. పండుగ రాత్రి నిస్సందేహంగా చాలా పాతది. కానీ టర్నిప్‌ను పశువుల మేతకు పొలాల్లో విరివిగా వేయడం 18వ శతాబ్దం తర్వాతి మాట. తొలవడానికి దుంప పొలంలో ఉండాలి కదా.

ఇక పిల్లల లంగాల విషయం. పడమటి తీరంలోని అరాన్ దీవుల్లో, కొన్నెమారాలో 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో తీసిన ఫొటోల్లో పదేళ్లు దాటిన మగపిల్లలు కూడా ఊలు లంగాల్లో కనిపిస్తారు. ఫెయిరీలు అనే యక్షజాతి వారు మగపిల్లలను ఎత్తుకుపోతారు, వాళ్లను మోసగించడానికి ఆడపిల్లలా వేషం వేశారు అన్నది ప్రసిద్ధమైన వివరణ. ఆ నమ్మకం ఉన్న మాట నిజం. అయితే యూరప్ అంతటా ధనికుల ఇళ్లలోనూ చిన్న మగపిల్లలకు గౌన్లే తొడిగేవారు, యక్షుల ఊసు లేకుండానే. ఇంట్లో నేసిన ఊలు గుడ్డతో లంగా కుట్టడం సులువు, ఎదిగే పిల్లవాడికి ఏళ్ల తరబడి సరిపోతుంది, తమ్ముడికీ చెల్లెలికీ పనికొస్తుంది. పడమటి తీరంలో అది ఎక్కువ కాలం నిలిచింది, అంతే. తల్లి ఆ లంగా కుట్టేటప్పుడు గుడ్డ లెక్కా ఉండొచ్చు, భయమూ ఉండొచ్చు. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కానక్కరలేదు.

ఇందులో ఇవాళ ఏది మిగిలిందో గమనిస్తే మరో సంగతి తెలుస్తుంది. 2023 నుంచి సెయింట్ బ్రిజిడ్ పేరిట జాతీయ సెలవు వచ్చింది. ఐర్లండ్ బడుల్లో ప్రతి ఫిబ్రవరికీ పిల్లలు శిలువలు అల్లుతారు. గడ్డి దొరకని చోట రంగు కాగితాలతోనైనా చేస్తారు. షామ్‌రాక్, హాలోవీన్ సరేసరి. ఎల్డర్ తుపాకీ, వసంతపు ఈల, పంగల కర్ర మాత్రం కాగితాల్లోనే ఉన్నాయి. ప్లాస్టిక్ బొమ్మలు వచ్చి వాటిని చంపాయని తేలిగ్గా అనేస్తాం. నాకు కనిపించే కారణం వేరు. టీచరు బల్ల మీద పెట్టి ఒక పీరియడ్‌లో నేర్పగలిగినవి నిలిచాయి. ఈల అలా కుదరదు. దానికి ఏప్రిల్ రావాలి, పిల్లవాడు ఒంటరిగా గట్టు దాకా వెళ్లాలి, జేబులో చాకు ఉండాలి, తన కంటే రెండేళ్లు పెద్దవాడు పక్కన నిలబడి ఎంత గట్టిగా తట్టాలో చూపించాలి. ఈ నాలుగింటిలో మొదటిది తప్ప మిగిలిన మూడింటినీ ఈనాటి బడి గానీ, ఇల్లు గానీ పిల్లవాడికి అంత తేలిగ్గా ఇవ్వడం లేదు.